పెట్టె పడింది, పెట్టె వెనక మనిషి పడలేదు



పోయిన ఆదివారం నలుగురు విద్యార్థులతో కలిసి మూసీ ఒడ్డున ఒక బస్తీకి వెళ్ళాను. మూడు ఫోన్లు, అరువు తెచ్చుకున్న ఒక కెమెరా. గల్లీ మొదట్లోనే నీలం గోడ. దాని మీద కోటు, కళ్ళద్దాలు, చంకలో పుస్తకం. మా పిల్లల్లో ఒకడు ఫొటో తీద్దామని మోకాలి మీద కూర్చున్నాడో లేదో, ఎదురింటి గడప మీద బియ్యం ఏరుతున్న పెద్దమ్మ చాట పక్కన పెట్టి లేచింది.

"ఏ ఆఫీసుకెల్లి వచ్చిండ్రు బిడ్డా? ఇండ్లు కూలగొడ్తరా?"

నేను తడబడ్డాను. కాలేజీ నుంచి వచ్చామని, చరిత్ర కోసమని ఏదో చెప్పాను. ఆమె నమ్మలేదు. ఎందుకు నమ్మాలి? 2024లో మూసీ వెంట ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బి-ఎక్స్ అని అక్షరాలు రాసుకుంటూ పోయినప్పుడు కూడా ముందు వచ్చింది సర్వే, వెనకే ఫొటో. ఆ తర్వాతే మిగతావన్నీ. మన వీధిలోకి కెమెరా దేనికి వస్తుందో ఆమెకు తెలుసు. నేను పుస్తకాల్లో వెతికి తెలుసుకున్న సంగతి ఆమె గడప మీద కూర్చుని తెలుసుకుంది. ఈ వారం దాని గురించే రాస్తాను. కొంచెం దూరం నుంచి రావాలి, ఓపిక పట్టండి.

1838లో పారిస్‌లో లూయీ డగేర్ అనే ఆయన పైఅంతస్తు కిటికీలోంచి బులెవార్ ద్యు తాంప్ల్ అనే వీధిని ఫొటో తీశాడు. మంచి రద్దీ వీధి. గుర్రబ్బండ్లు, వచ్చేపోయే జనం. కానీ అప్పటి ప్లేటు మీద బొమ్మ పడాలంటే నిమిషాలు పట్టేది. అంతసేపు కదలకుండా ఉన్నవే పడ్డాయి: మేడలు, చెట్లు, దీపస్తంభాలు. కదిలిన జనమంతా మాయం. చూస్తే ఊరు ఊరంతా వలస పోయినట్టుంటుంది. ఒక మూల మాత్రం ఒకాయన ఒక కాలు పైకి పెట్టి నిలబడి ఉన్నాడు. బూట్లు పాలిష్ చేయించుకుంటున్నాడు. ఆయన కాళ్ళ దగ్గర వంగి ఉన్న మసక ఆకారం పాలిష్ చేసేవాడు. ఇప్పటికి మిగిలిన ఫొటోల్లో మనుషులు కనిపించే మొదటి ఫొటో ఇదే అంటారు.

టెలిగ్రాఫ్ మోర్స్ పేరు వినే ఉంటారు. ఆయన 1839లో పారిస్‌లో డగేర్ ప్లేట్లు చూసి ఇంటికి ఉత్తరం రాశాడు. ఆ ఆసామి బూట్లూ కాళ్ళూ స్పష్టంగా పడ్డాయని, ఒళ్ళూ తలా కదలడం వల్ల పడలేదని వివరంగా వర్ణించాడు. మరి పాలిష్ చేసేవాడు? ఆసామి కాలు ఒకటి అతని పెట్టె మీద ఉందని చెప్పాడు, అంతే. ఉత్తరంలో పెట్టె ఉంది. పెట్టె వెనక మనిషి లేడు.

మా తాత సికింద్రాబాద్‌లో ఒక సినిమా హాలు ముందు చెప్పులు కుట్టేవాడు, పాలిష్ చేసేవాడు. ఆయన ఫొటో ఒక్కటంటే ఒక్కటి మా ఇంట్లో లేదు. పెట్టె ఉంది. మొదటిసారి పీహెచ్‌డీ రోజుల్లో ఈ పారిస్ ఫొటో చూసినప్పుడు లైబ్రరీలో చాలాసేపు కూర్చుండిపోయాను. పారిస్ కుర్రాడు మాదిగవాడు కాదు, వాడి బతుకూ మా తాత బతుకూ ఒకటేనని నేను అనను. కులం వేరు, పేదరికం వేరు. ఆ తేడా తెలియకుండా మాట్లాడే కామ్రేడ్లతో నాకు పాత గొడవే. అయినా ఆ వంగిన వీపు నాకు తెలిసిన వీపు.

ఇక్కడిదాకా తప్పు యంత్రానిది అనుకోవచ్చు. తర్వాత కెమెరాకు జీతం ఇచ్చింది ఎవరో చూడండి. పారిస్‌ను పడగొట్టి పెద్ద రోడ్లు వేస్తున్నప్పుడు, పోబోతున్న పాత వీధులను ఫొటో తీయడానికి నగరపాలనే షార్ల్ మార్విల్ అనే ఫొటోగ్రాఫర్‌ను పెట్టుకుంది. గ్లాస్గోలో 1866లో నగరాభివృద్ధి చట్టం వచ్చింది. ఆ చట్టం కింద ఏర్పడ్డ ట్రస్టు, 1868 నుంచి 1871 దాకా థామస్ అనన్ చేత పేదల గల్లీలను ఫొటో తీయించింది. రెండు గోడల మధ్య చెయ్యి చాపితే తగిలేంత సందులు. పైన దండేల మీద బట్టలు. వెలుతురు తక్కువ కాబట్టి గుమ్మాల్లో నిలబడ్డ పిల్లలు కొందరు చెదిరిన మరకల్లా పడ్డారు. ఇవాళ ఆ ఫొటోలు మ్యూజియంలలో ఉన్నాయి, అందంగా ఉన్నాయి. తీయించినవాళ్ళు పడగొట్టబోయేదాన్ని లెక్కలోకి ఎక్కించుకోవడానికి తీయించారు. పెద్దమ్మ అడిగిన ప్రశ్న అప్పట్లో గ్లాస్గో గల్లీల్లోనూ ఎవరో అడిగే ఉంటారు.

ట్రస్టు అనే ఆ ఏర్పాటు సముద్రం దాటి వచ్చింది. 1896 ప్లేగు తర్వాత 1898లో బొంబాయిలో సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ పెట్టారు. మన దగ్గర 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వేలమందిని మింగింది. 1912లో హైదరాబాద్ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. పత్తర్‌గట్టీ రాతి దుకాణాల వరుస ఆ బోర్డు కట్టినదే. రోడ్లు వెడల్పు చేసింది, ఇరుకు వాడలను తీసేసింది, కొన్నిచోట్ల పేదలకు ఇళ్ళూ కట్టింది. వరద అబద్ధం కాదు, ప్లేగూ అబద్ధం కాదు, అది ఒప్పుకుందాం. కానీ ఆ రోజుల హైదరాబాద్ అనగానే మన కళ్ళ ముందు మెదిలేది హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, పత్తర్‌గట్టీ కమానులు. తీసేసిన వాడల్లో ఒక్క గుమ్మం ఎవరికైనా మెదులుతుందా?

అంతకు ముందు తరం సంగతీ చెప్పుకోవాలి. రాజా దీన్‌దయాళ్ రూర్కీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. 1905లో చనిపోయాడు. గొప్ప చేయి, అందులో అనుమానం లేదు. ఆయన కాలానికి డ్రై ప్లేట్లు వచ్చాయి. నిమిషాలు నిలబడే పని పోయింది. జనం నడుస్తున్నా ఫొటోలో పడతారు. మరి యంత్రం బాగుపడ్డాక మనవాళ్ళు కనిపించాలి కదా? కనిపిస్తారు. పల్లకీ కింద, ఏనుగు పక్కన, వేటలో చచ్చిన పులి వెనక. అప్పుడు అడ్డం వచ్చింది ఫొటో కింద రాసే వాక్యం. నవాబుకు పేరు ఉంటుంది, కోటకు పేరు ఉంటుంది. పల్లకీ మోసినవాడు 'నౌకరు', వీధి ఊడ్చేది 'బజారు దృశ్యం'లో భాగం. షట్టర్ వేగం పెరిగినంత తొందరగా క్యాప్షన్ మారలేదు. అదే నా వాదన. ఇవాళ్టి ఇన్‌స్టాగ్రామ్ చూసినా నాకు అదే కనిపిస్తుంది: 'చార్మినార్ ఉదయం' అని ఉంటుంది, మధ్యలో చీపురు పట్టుకున్న అక్క ఉంటుంది.

వీధి ఫొటోకు పడని నగరం ఒకటి మనకుంది. మాదరి భాగయ్య, అదే మన భాగ్యరెడ్డి వర్మ, 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. 1910 నుంచి ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో అంటరాని పిల్లలకు తెలుగు బడులు తెరిచాడు. అవి ఇరవై దాటాయి. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవన్ నిలబెట్టాడు. 1931లో 'భాగ్యనగర్' పత్రిక నడిపాడు. తెలుగు సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ఆ పేర్లన్నీ నాకు మొదట అచ్చులోనే దొరికాయి. కానీ నా షెల్ఫులో ఉన్న హైదరాబాద్ ఫొటో పుస్తకాలన్నీ తిరగేశాను. హవేలీలు, దేవిడీలు, రెసిడెన్సీ మెట్లు. ఆ బడుల్లో ఒక్కదాని గుమ్మం లేదు. వారసత్వ కట్టడం అంటే కమాను ఉండాలి, గచ్చు పని ఉండాలి. పెంకుల కప్పు కింద అ ఆ లు దిద్దిన గది ఆ లెక్కలోకి రాదు.

ఇప్పుడు సొంత సంగతి. మా నాయిన గోడల మీద బొమ్మలు గీసేవాడు. దుకాణాల బోర్డులు, ఎలక్షన్ రాతలు, శుభకార్యాలకు స్వాగతాలు. ఏప్రిల్ వస్తే మాత్రం డబ్బు తీసుకోకుండా మా బస్తీ కమ్యూనిటీ హాలు గోడ మీద బాబాసాహెబ్‌ను కొత్తగా గీసేవాడు. చెయ్యెత్తి చూపుతూ, ఇంకో చేతిలో రాజ్యాంగం. ఈ భంగిమ ఎక్కడిదో నాకు పెద్దయ్యాక తెలిసింది. 1967లో పార్లమెంటు ఆవరణలో పెట్టిన బి.వి. వాఘ్ కంచు విగ్రహానిది. నాయిన ఢిల్లీ చూడలేదు, క్యాలెండర్ చూసి గీశాడు. వేలు మాత్రం క్యాలెండర్‌లో ఉన్నదానికన్నా కొంచెం పొడుగ్గా గీసేవాడు, ఎందుకో అడగలేదు.

రోడ్డు వెడల్పులో ఆ గోడ పోయింది. నాయిన పోయి ఏడేళ్ళయింది. ఆయన బొమ్మ ఉన్న ఫొటో కోసం చుట్టాలందరి ఆల్బమ్‌లు వెతికాను. మా చిన్నాయన కూతురు పెళ్ళి ఫొటోలో, బ్యాండువాళ్ళ వెనకాల, నీలం కోటు చెయ్యి ఒకటి, అంచు విరిగిన పుస్తకం ఒకటి దొరికాయి. ఇరవై ఏప్రిళ్ళ పనికి మిగిలింది ఒక మోచెయ్యి. మా ఇంటి ఫొటో మాత్రం భద్రంగా ఉండి ఉంటుంది, ఏదో ఒక ఆఫీసు ఫైల్లో. కూల్చే ముందు తలుపు మీద నంబరు వేసి, అమ్మను గుమ్మంలో నిలబెట్టి తీశారు. మా జీవితంలో ఎవరైనా మా ఇంటిని అంత శ్రద్ధగా ఫొటో తీసింది ఆ ఒక్కరోజే.

2023 ఏప్రిల్ 14న హుస్సేన్‌సాగర్ పక్కన 125 అడుగుల బాబాసాహెబ్ విగ్రహం లేచింది. 2024 జనవరిలో విజయవాడలోనూ లేచింది. నేనూ సెల్ఫీ తీసుకున్నాను, సంతోషమే. ఆ విగ్రహాన్ని ఎవరూ మర్చిపోరు, దాని ఫొటోలు లక్షల్లో ఉంటాయి. ఖైరతాబాద్ దగ్గర ఎం.ఎస్. మఖ్తాలో 2016 నుంచి పెద్ద పెద్ద కళాకారులు ఇళ్ళ గోడల మీద వేసిన బొమ్మలకూ అంతే, వారాంతం వస్తే కెమెరాలు. రంగులు బాగున్నాయి, అక్కడి పిల్లలకు ఇష్టం. గోడ కింద కళాకారుడి సంతకం ఉంటుంది. గోడ ఎవరిదో చాలా ఫొటోల్లో ఉండదు.

అందుకే మా పిల్లలకు చెప్పేది ఇది. గోడ పోయేలోపు తీయండి. ఒక్క బొమ్మే తియ్యకుండా, గోడ మొత్తం, గల్లీ మలుపు, ఎదురిల్లు పడేట్టు తీయండి. మనిషి ముఖం తీసే ముందు అడగండి, వద్దంటే వద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుంచించుకుపోతుంది, తేదీ వివరాలు ఊడిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి. వీధి పేరు జనం పిలిచేదే రాయండి. బొమ్మ గీసింది ఎవరు, రంగు డబ్బాలు ఎవరు కొన్నారు, ఏ ఏడు, అడిగి రాయండి. ఎవరైనా వాచ్‌మన్ బెదిరిస్తే తెలిసుండటానికి: బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న విగ్రహాన్నో, భవనాన్నో ఫొటో తీయడం కాపీరైట్ ఉల్లంఘన కాదని 1957 చట్టం 52వ సెక్షన్ చెబుతుంది.

ఆ పెద్దమ్మ దగ్గరికి మళ్ళీ వస్తాను. నా మాటలతో ఆమెకు నమ్మకం కుదరలేదు. మా నాయిన గోడ సంగతి చెప్పాక కుదిరింది. "అయ్యో, పెయింటర్ బిడ్డవా" అని పీట వేసింది. తర్వాత ఆమే రాయించింది. గోడకు సున్నం కొట్టింది ఆడోళ్ళు. ఇంటికి యాభై చొప్పున చందా వేసుకున్నది ఆడోళ్ళు. బొమ్మ గీసిన పిల్లగాడు బోర్డులు రాసే పనికి పోతాడు, ముందుగాల ముక్కు వంకర వస్తే రెండోసారి గీపించారు. అన్నీ రాసుకున్నాం. బస్తీ పేరు మాత్రం పెట్టొద్దంది, అందుకే ఇక్కడ పెట్టలేదు.

లేచేటప్పుడు మా పిల్లవాడితో అంది: "ఫోన్ల ఉంచుకుంటే నాకేం లాభం కొడుకా, కాయిదం మీద దిగి తేరాదు. రేపు వాళ్ళొచ్చి ఏముండె ఈడ అంటే సూపియ్యాలె."

ప్రింట్లు నిన్న వచ్చాయి. ఈ ఆదివారం ఇచ్చి రావాలి.

జై భీమ్.