ఖాళీ ఖాతాలో పదిహేను శాతం: పంచాయతీకి డబ్బు లేకపోతే ముందు ఎండేది ఎవరి కొళాయి?

కడప జిల్లాలో పెన్నా ఒడ్డున ఉన్న చెన్నూరు లాంటి మండలాల్లో పంచాయతీకి సొంత ఆదాయం అంటే ప్రధానంగా ఇంటి పన్ను, కొళాయి పన్ను. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్న ఊళ్లకు ఇంకో దారి ఉంది. వ్యవసాయం మీద బతికే ఊళ్లకు లేదు. వానలు పోయిన ఏడాది పన్ను వసూలు కాదు. వీధి దీపాలు, మోటార్ల కరెంటు బిల్లు మాత్రం ఆగదు.

పంచాయతీ డబ్బు ఒకే సంచిలో ఉండదు. దళితవాడ పనుల గురించి అడగబోయేవాళ్లు ముందు ఈ తేడా తెలుసుకోవాలి. మొదటిది పన్నులతో వచ్చే సాధారణ నిధి. ఇది ఖజానాలో జమవుతుంది. బిల్లు పెట్టినా ఖజానా మంజూరు చేసేదాకా డబ్బు రాదు. రెండోది కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుధ్యానికి ముడిపెట్టింది. మిగతా 40 శాతం ఊరి అవసరాలకు వాడుకోవచ్చు. అయితే అందులోంచి జీతాలు, కార్యాలయ ఖర్చులు ఇవ్వకూడదు. రాష్ట్రానికి చేరిన పది పనిదినాల్లోపు ఈ డబ్బు పంచాయతీకి అందాలి. ఆలస్యమైతే రాష్ట్రమే వడ్డీ కట్టాలి.

కాగితం మీద బాగానే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది వేరు. పాత పాలకవర్గాల గడువు 2018 ఆగస్టులో ముగిసింది. ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో గానీ జరగలేదు. ఆ రెండున్నరేళ్లూ ఊళ్లను ప్రత్యేకాధికారులు నడిపారు. కొత్త సర్పంచులు వచ్చి కూర్చున్న ఏడాదే ఆర్థిక సంఘం నిధులను రాష్ట్ర ప్రభుత్వం డిస్కంల పాత కరెంటు బకాయిల కింద సర్దేసింది. పంచాయతీ తీర్మానం లేదు, సర్పంచి సంతకం లేదు. బకాయి నిజమే కావచ్చు. కానీ ఊరి ఖాతాలోని డబ్బును ఊరిని అడగకుండా తీసుకోవడం 73వ రాజ్యాంగ సవరణ స్ఫూర్తికే విరుద్ధం. పార్టీలతో నిమిత్తం లేకుండా సర్పంచులు రోడ్డెక్కారు.

ఇందులో మనం ప్రత్యేకంగా గమనించాల్సిన సంగతి ఒకటుంది. రిజర్వుడు స్థానంలో గెలిచిన దళిత సర్పంచికి ఆ అయిదేళ్లే అవకాశం. తర్వాత రొటేషన్‌లో ఆ కుర్చీ మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఖాళీ ఖాతాతో కూర్చోబెట్టి, ఏమీ చేయలేదని ఊరు నిందించేది ఆమెనే.

కోత అందరి మీదా సమానంగా పడదు. ఊళ్లో నీళ్ల ట్యాంకు ఎక్కడ ఉంటుంది, పైపు చివర ఏ వాడ ఉంటుంది అనేది చాలా ఊళ్లలో కులం నిర్ణయించిందే. మోటారు తిరిగే గంటలు తగ్గితే చివరి కొళాయికి నీళ్లు అందవు. ఇక చెత్త ఎత్తేవాళ్లు, కాలువలు తీసేవాళ్లు ఎక్కువమంది దళితులే. గ్రాంటులో జీతాలకు ఆంక్షలున్నాయి కాబట్టి వాళ్ల వేతనానికి పంచాయతీ చూసేది సొంత ఆదాయం వైపే. అది ఎండితే ముందు ఆగేది ఆ వేతనమే. హరిత రాయబారుల గౌరవ వేతనం నెలల తరబడి బకాయి పడిందన్నది పాత ఫిర్యాదే. పట్టణాల్లోనూ ఇదే గోడు. 2023 డిసెంబర్ చివర్లో మున్సిపల్ పారిశుధ్య కార్మికులు రాష్ట్రవ్యాప్తంగా సమ్మెకు దిగింది వేతనాల కోసమే, ఉద్యోగ భద్రత కోసమే.

రక్షణలు లేవా అంటే ఉన్నాయి. జిల్లా, మండల పరిషత్తులు తమ సాధారణ నిధుల్లో 15 శాతం ఎస్సీల సంక్షేమానికి ఖర్చు పెట్టాలి. కానీ సున్నాలో పదిహేను శాతం సున్నాయే. 2013 నాటి ఉపప్రణాళిక చట్టం ఇంతకంటే గట్టిది. రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో జనాభా నిష్పత్తి మేరకు ఎస్సీలకు వాటా దక్కాలి. 2011 లెక్కల ప్రకారం నేటి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలు 17 శాతం పైచిలుకు. పదేళ్ల గడువు ముగిసే సమయంలో, 2023 జనవరిలో, ఈ చట్టాన్ని మరో పదేళ్లు పొడిగించారు. అందరికీ ఇచ్చే నగదు పథకాలను కూడా ఈ పద్దులో చూపిస్తే వాడలో సీసీ రోడ్డుకు, మురుగు కాలువకు మిగిలేదేమీ ఉండదు. చట్టం అడిగేది ఎస్సీలకు నేరుగా, లెక్కగట్టగలిగేలా అందే ప్రయోజనం.

చిన్న పంచాయతీలకు స్వాతంత్ర్య దినోత్సవం జరుపుకోవడానికి 2024 దాకా ఇచ్చింది వంద రూపాయలు, పెద్దవాటికి 250. ఆ ఏడాది వాటిని పదివేలు, పాతికవేలు చేశారు. జెండా ఖర్చుకే ఇన్నేళ్లు పట్టింది.

లెక్క అడగడం కష్టమేమీ కాదు. ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో ప్రతి పంచాయతీ ఆర్థిక సంఘం నిధుల రాబడి, ఖర్చు, వోచర్లు కనిపిస్తాయి. మీ ఊరి పేరు కొట్టి, ఏ పని ఏ వీధిలో చేశారో చూడండి. కరెంటు బకాయికి ఎంత పోయిందో, దళితవాడలో ఎన్ని పనులు జరిగాయో విడివిడిగా రాసుకోండి. ఆ కాగితంతో గ్రామసభకు వెళ్లండి. చట్టం ప్రకారం గ్రామసభ జరగాల్సిన రోజుల్లో ఏప్రిల్ 14 ఒకటి. అడిగిన ప్రశ్న, వచ్చిన జవాబు తీర్మానాల పుస్తకంలో రాయించండి. కార్యదర్శి లెక్క చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దానికి రుసుము లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు.