డబ్బాలో వచ్చిన ఓడ

సికింద్రాబాద్‌కు సముద్రం లేదు. అతి దగ్గరి తీరం చీరాల, బాపట్ల వైపు. గీత గీసినట్టు నేరుగా పోయినా అక్కడికి సుమారు 270 కిలోమీటర్లు. అయినా ఈ ఊళ్లో ఓడలు తయారవుతాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఎన్‌సీసీ డైరెక్టరేట్ ఉన్నది సికింద్రాబాద్‌లోనే. 1948లో పుట్టిన ఎన్‌సీసీకి 1952లో నౌకా విభాగం చేరింది. ఆ విభాగం క్యాడెట్లు నేర్చే విద్యల్లో తెడ్డు వేయడం, జెండాలతో సంకేతాలు పంపడం, ముళ్లు వేయడంతో పాటు ఓడ నమూనా తయారీ కూడా ఉంది. అఖిల భారత నౌసైనిక్ శిబిరంలో అది పోటీ అంశం. కెరటం మీద ఒక్కసారి కూడా ఊగని పిల్లలు చెక్కను కోసి, అంటించి, ఉప్పు కాగితంతో రుద్ది యుద్ధనౌకను బల్ల మీద నిలబెడతారు.

ఓడ గురించి ఓడ లేని చోట నేర్చుకునే ఈ పద్ధతికి చాలా పాత వంశవృక్షమే ఉంది.

1920లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం బృందం ఈజిప్టులో మెకెత్రే అనే ఉన్నతాధికారి సమాధిని తవ్వుతుండగా ఒక చిన్న గది బయటపడింది. అందులో పశువుల కొట్టం, రొట్టెల బట్టీ, ధాన్యపు గాదెలతో పాటు రంగులు వేసిన చెక్క పడవలు వరసగా ఉన్నాయి. తెడ్లు పట్టుకున్న బొమ్మ మనుషులూ ఉన్నారు. వాటి వయసు సుమారు నాలుగు వేల ఏళ్లు. చనిపోయినవాడు పరలోకంలోనూ నైలు మీద తిరగాలన్న నమ్మకం వాటిని చేయించింది. మన తీరంలోనూ ఓడ బొమ్మ చాలా పాతదే, కాకపోతే లోహం మీద కనిపిస్తుంది. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు స్తంభాల ఓడ ఉంది. సముద్ర వ్యాపారం ఆ రాజ్యానికి ఎంత ముఖ్యమో చెప్పడానికి ఆ చిన్న ముద్ర చాలు.

యూరప్‌లో నమూనా ఓడలు మొదట మొక్కుబడులు. తుఫాను నుంచి బయటపడిన నావికులు చర్చి కప్పుకు చెక్క ఓడను వేలాడదీసేవారు. స్పెయిన్‌లోని మతారోలో అలా వేలాడిన 15వ శతాబ్దపు నమూనా ఇప్పుడు రాటర్‌డామ్ మ్యూజియంలో ఉంది. ఆ కాలపు ఓడ ఎలా కట్టారో తెలుసుకోవాలనుకునేవారికి అంతకంటే నమ్మకమైన సాక్ష్యం దాదాపు లేదు.

పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండులో లెక్క మారింది. నౌకాదళ అధికారుల కోసం 48 వంతుల్లో ఒక వంతు కొలతతో నమూనాలు తయారయ్యాయి. నీటి మట్టానికి కింద పలకలు బిగించకుండా వదిలేసేవారు, లోపలి వాసాలన్నీ కనబడాలని. ఓడ కట్టకముందు ఆమోదం కోసం చేసేవారా, కట్టాక గుర్తుగా చేసేవారా అన్నది పండితులు నేటికీ చర్చిస్తూనే ఉన్నారు. కానీ ఒక ఉపయోగం మాత్రం నికరం. నౌకాదళ కార్యాలయంలో కొత్తగా చేరిన సామ్యూల్ పెపిస్‌కు ఓడల సంగతి పెద్దగా తెలియదు. 1662లో ఒక నావికుణ్ణి పెట్టుకుని, నమూనా ముందు కూర్చుని ఒక్కో భాగం పేరూ పనీ నేర్చుకున్నాడు. ఆ పాఠాలు ఆయన డైరీలోనే ఉన్నాయి. తర్వాత ఆయనే ఆ నౌకాదళాన్ని తీర్చిదిద్దిన పాలకుల్లో ఒకడయ్యాడు. ఎన్‌సీసీ క్యాడెట్ చేసేదీ ఆ పనే, ఉలి కూడా తన చేతిలోనే ఉంటుందన్నది ఒక్కటే తేడా.

నెపోలియన్ యుద్ధాల్లో పట్టుబడి ఇంగ్లండు శిబిరాల్లో ఏళ్లకేళ్లు గడిపిన ఫ్రెంచి ఖైదీలు తిండిలో మిగిలిన ఎముకలను చెక్కి ఓడలు చేసి అమ్ముకున్నారు. వెంట్రుకలు కూడా తాళ్లయ్యాయి. నార్మన్ క్రాస్ శిబిరంలో చేసిన వస్తువులు నేటికీ మ్యూజియాల్లో ఉన్నాయి.

మరి ఓడను విడిభాగాలుగా అమ్మే డబ్బా, అంటే కిట్టు, ఎప్పుడొచ్చింది? 1905లో న్యూయార్క్‌లో నౌకా నిర్మాణ నిపుణుడు బౌచర్ పెట్టిన నమూనాల సంస్థే నేటి బ్లూజాకెట్ కంపెనీకి మూలం. 1920ల్లో ఆర్మిటేజ్ మెకాన్ అనే మాజీ నావికుడు పాపులర్ సైన్స్ పత్రికలో నక్షాలతో సహా ఓడల తయారీ రాయడం మొదలుపెట్టాడు. దాంతో ఆ పని ఇంటి బల్ల మీదికి వచ్చింది. తొలినాటి కిట్టులో ఉండేది ఓడ ఆకారానికి దగ్గరగా చెక్కిన ఒక దిమ్మ, కొన్ని లోహపు ముక్కలు, నక్షా. మిగతాది కొనుక్కున్నవాడి చేతిపని. 1946లో మోడల్ షిప్‌వేస్, 1958లో డెన్మార్క్‌లో బిల్లింగ్ బోట్స్ వచ్చాయి. ఇటలీ, స్పెయిన్ కంపెనీలూ రంగంలోకి దిగాయి. ఈలోగా 1952లో ఎయిర్‌ఫిక్స్ కంపెనీ గోల్డెన్ హైండ్ అనే ఓడను ప్లాస్టిక్కులో చవగ్గా అమ్మింది. అంటిస్తే అయిపోయే ప్లాస్టిక్ ఓడ పక్కన నెలలు పట్టే చెక్క ఓడ నిలవడం చిన్న విషయం కాదు. నిలబెట్టింది పలకలు పరిచే పని.

ఆ పని ఎలా సాగుతుందో కాస్త దగ్గరగా చూడాలి. డబ్బాలోంచి ముందు వెన్నుపలక వస్తుంది. దాని గాళ్లలో అడ్డుపలకలు నిలబెడితే చేప ముళ్లలా ఓడ అస్థిపంజరం లేస్తుంది. ఇక్కడ తొందరపడితే ఆ తప్పు చివరిదాకా కనబడుతుంది. అడ్డుపలకల అంచులను ఉప్పు కాగితంతో ఏటవాలుగా రుద్దాలి. ఒక సన్నని పట్టీని ముక్కు నుంచి తోక దాకా ఆనిస్తే ఎక్కడా ఎగరకుండా, ఎక్కడా లోపలికి పడిపోకుండా కూర్చోవాలి. అప్పుడు మొదటి పొర. సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం, ఐదు మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న మెత్తని చెక్క పట్టీలను నీళ్లలో నానబెట్టి, వేడి తగిలించి, ముక్కు దగ్గర వంచి ఫెవికాల్‌తో అంటించి క్లిప్పులు పెడతారు. కుడివైపు ఒకటి వేస్తే వెంటనే ఎడమవైపు ఒకటి వేయాలి. ఒకే పక్క వేసుకుంటూ పోతే పట్టీల లాగుడుకు వెన్నుపలకే మెలి తిరుగుతుంది. ఓడ నడుము వెడల్పు, చివర్లు సన్నం. కాబట్టి ప్రతి పట్టీనీ చివరకు వచ్చేసరికి చిత్రికతో సన్నం చేయాలి. పెద్ద ఓడల రేవులో వడ్రంగి ఎదుర్కొనే చిక్కు అచ్చం ఇదే.

తర్వాత అర మిల్లీమీటరు వాల్‌నట్ పొర, ఆపైన స్తంభాలు, తాళ్లు. నావికులు ఎక్కే తాళ్ల నిచ్చెనల దగ్గర చాలామంది ఓపిక పరీక్షకు నిలుస్తుంది. నిలువు తాడూ అడ్డ తాడూ కలిసే ప్రతిచోటా ఒక ముడి. దారానికి ముందే తేనెమైనం రాస్తే నూగు లేవదు. దక్కన్ ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. మే నెల పొడి గాలికి చెక్క కుంచించుకుపోయి కీళ్లు విచ్చుకుంటాయి, వానాకాలం వచ్చేసరికి అదే చెక్క ఉబ్బుతుంది.

కిట్ల కేటలాగుల్లో ఎప్పుడూ ముందుండే పేర్లు విక్టరీ, కట్టీ సార్క్, కాన్‌స్టిట్యూషన్. చివరిదానికి మన దేశంతో ఒక వింత లంకె ఉంది. బొంబాయిలో వాడియా కుటుంబం టేకుతో కట్టబోయే ట్రింకోమలీ అనే బ్రిటిష్ యుద్ధనౌక నక్షాలను జావా అనే ఓడలో పంపారు. 1812 డిసెంబరులో బ్రెజిల్ తీరంలో అమెరికా యుద్ధనౌక కాన్‌స్టిట్యూషన్ ఆ జావాను పట్టుకుంది. నక్షాలు పోయాయి, మళ్లీ పంపాల్సి వచ్చింది. 1817లో నీటిలో దిగిన ట్రింకోమలీ ఇప్పటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో తేలుతూనే ఉంది.

కిట్టు ఆలోచన బల్ల మీదే ఆగలేదు, నిజమైన పడవలకూ పాకింది. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ పిల్లల కోసం రూపొందించిన ఆప్టిమిస్ట్ పడవ ప్లైవుడ్ షీట్ల నుంచి ఇంట్లోనే కోసుకునేలా ఉండేది. 1962లో వచ్చిన మిర్రర్ పడవ అచ్చంగా కిట్టుగానే అమ్ముడైంది. కుతుబ్‌షాహీల కాలం నాటి హుస్సేన్ సాగర్‌లో ఈనాడు పిల్లలు తెరచాప పట్టడం నేర్చుకునేది ఆ ఆప్టిమిస్టుల మీదే, కాకపోతే ఇప్పుడవి ఫైబర్‌వి.

తెలుగువాళ్ల సొంత ఓడల కథ మాత్రం ఏ డబ్బాలోకీ ఎక్కలేదు. పదిహేడో శతాబ్దంలో నరసాపురంలో యూరప్ వర్తకులు ఓడలు కట్టించుకున్నారు, మరమ్మతులు చేయించుకున్నారు. కోరంగి పెద్ద రేవుగా వెలిగి, 1789లోనూ 1839లోనూ తుఫానుల దెబ్బ తింది. కాకినాడ దగ్గర తాళ్లరేవులో చెక్క ఓడల పని మన కాలం దాకా సాగింది. విశాఖలోని నౌకాదళ పరిశోధనల ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లో 500 మీటర్ల తొట్టె ఉంది. అక్కడ నౌకల నమూనాలను నీటి మీద లాగి పరీక్షిస్తారు. అంటే నమూనా విద్య మన తీరానికి కొత్తదేమీ కాదు. కొరత ఉన్నది మన పాత ఓడల నక్షాల విషయంలో. సంప్రదాయ ఓడ వడ్రంగి కాగితం మీద గీయడు, కంటి కొలతతో కడతాడు. అతని తర్వాత ఆ కొలత ఎవరికీ దొరకదు.

అందుకు చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. మిగిలిన ఓడ దగ్గరికి టేపు పట్టుకుని వెళ్లాలి. పొడవు, వెడల్పు, లోతు, ఒక్కో వాసం దగ్గర వంపు రాసుకోవాలి. పలకను పలకకు ఎలా కలిపారో, సందుల్లో ఏం కూరారో పెద్దల్ని అడిగి నమోదు చేయాలి. 24 మీటర్ల ఓడను 48 వంతుల్లో ఒక వంతుకు కుదిస్తే అర మీటరు వస్తుంది. అది సికింద్రాబాద్ క్యాడెట్ బల్ల మీద హాయిగా పడుతుంది. ఓడల భాగాలు నేర్చుకుంటున్న చేతులకు ఆ ఓడ నక్షాను కూడా ఇవ్వాలి, అదీ ఆ వడ్రంగుల్లో చెప్పగలిగినవాళ్లు ఉండగానే.