తల ఒక్కటే ఉన్న రాగి రేకు

1630 ప్రాంతంలో ఆంథోనీ వాన్ డైక్ తన ముఖాన్ని తానే ఒక రాగి రేకు మీద గీసుకున్నాడు. తల ఒక్కటే. వెనకనుంచి ఎవరో పిలిస్తే భుజం మీంచి తిరిగి చూసినట్టు, మనవైపు చూస్తున్న తల. మెడ కింద భుజం జాడగా కొన్ని గీతలు. మిగతా రేకంతా ఖాళీ.

స్కెచ్ వేసి వదిలేశాడులే అనిపించొచ్చు. కానీ ఆ రోజుల్లో అచ్చులో వచ్చే పోర్ట్రెయిట్ అంటే ఎక్కువగా ఎన్‌గ్రేవింగే. బ్యూరిన్ అనే పదునైన పనిముట్టుని లోహంలోకి తోసుకుంటూ పోవాలి. గీత సన్నగా మొదలై, లావెక్కి, మళ్ళీ సన్నబడుతుంది. అందమైనదే, కాకపోతే బుద్ధిమంతురాలు: బుగ్గకైనా పట్టుబట్టకైనా దాదాపు ఒకటే నడక. ఎచింగ్‌లో అలా కాదు. రేకుకి మైనం లాంటి పూత పూసి, సూదితో ఆ పూతని గీకితే చాలు. రాగిని తినే పని ఆసిడ్ చూసుకుంటుంది. అందుకే చెయ్యి కాగితం మీద కలంలా పరిగెత్తగలదు. వాన్ డైక్ జుట్టుని అలా పరిగెత్తించాడు. చర్మం దగ్గరికొచ్చేసరికి మాత్రం చిన్న చిన్న చుక్కలు, పొట్టి గీతలు. ఆ వేగం మారడంలోనే మనిషి కనిపిస్తాడు.

రాజులు, సేనానులు, పండితులు, కళాకారుల ముఖాలతో ఆయన తలపెట్టిన ‘ఐకనోగ్రఫీ’లో చాలా బొమ్మల్ని ఆయన డ్రాయింగులు చూసి వృత్తి ఎన్‌గ్రేవర్లే చెక్కారు. సొంత సూదితో గీసినవి కొన్నే, అవీ ఎక్కువగా తోటి కళాకారులవి. వాళ్ళలో లూకాస్ వోర్‌స్టర్‌మన్ ఒకడు, తనూ బ్యూరిన్ పట్టినవాడే!

1641లో వాన్ డైక్ పోయాడు. 1645లో యాంట్‌వెర్ప్‌లో గిల్లిస్ హెండ్రిక్స్ వంద బొమ్మలతో సంపుటి వేశాడు. దానికి టైటిల్ పేజీ కావాలి. యాకబ్ నీఫ్స్ ఆ తల కింద రాతి దిమ్మె చెక్కి, ముఖాన్ని విగ్రహం చేసి, దిమ్మె మీద పుస్తకం పేరు చెక్కాడు. పని శుభ్రంగానే ఉంది, గౌరవంతో చేసిందే. అయితే పిలుపు విని తిరిగిన మెడ ఇప్పుడు శిల్పి మలిచిన వంపులా కనిపిస్తుంది.

రాగి రేకు ఒకటే కదా. నీఫ్స్ చెయ్యి పడ్డాక దాన్నుంచి ఆ ఒంటరి తల మళ్ళీ అచ్చు కాలేదు. అంతకుముందు తీసిన కొద్ది ప్రతులే మిగిలాయి.