గనికూలీ విలియం హాకెట్ చరిత్రము

విశాఖపట్టణపు ద్వారకా నగరున వెలువడు మన వార్షిక సంచికయందు పరదేశపు గనికూలీ చరిత్రమేల యని చదువరులు ప్రశ్నింపవచ్చును. ఈ నగరము బొగ్గుతో బ్రదుకుచున్నది. 1933లో తెరువబడిన మన రేవునందు బొగ్గు దిగుచున్నది. ఉక్కు కర్మాగారపు కొలుములు బొగ్గుతోనే మండుచున్నవి. సింగరేణి ప్రాంతమున ఇల్లందు చెంత 1889లో త్రవ్వకము మొదలైన నాటినుండి తెలుగుబిడ్డలు భూగర్భమున దిగుచునే యున్నారు. మన పెద్దలలోను మట్టిపని, రేవుపని చేసి బిడ్డలను చదివించినవారు కలరు. అట్టివారి శీలమెట్టిదో తెలుపుటకు ఈ చరిత్రము తగినదని తలంచి వ్రాయుచున్నాము.

విలియం హాకెట్ 1873 జూన్ 11వ తేదీన ఇంగ్లండు దేశమున నాటింగ్‌హాం పట్టణములోని స్నెంటన్ పేటలో జన్మించెను. ఆతనికి చదువబ్బలేదు, వ్రాయుటయు, చదువుటయు ఎరుగడు. యౌవనముననే గనిపనిలో చేరి, ఇరువది యేండ్లకు పైగా యార్కుషైరు బొగ్గుగనులలో పాటుపడెను. 1900లో ఆలిస్ అను నామెను వివాహమాడెను. వారికొక కుమారుడును, ఒక కుమార్తెయు కలిగిరి.

1914 ఆగస్టులో ఐరోపా మహాయుద్ధము ఆరంభమయ్యెను. హాకెట్ సైన్యమున చేరబోగా, యార్కు లాంకాస్టరు పటాలమువారు వయసు మీరినదని మూడుమారులు త్రిప్పి పంపిరి. ఆతడు పట్టు విడువక 1915 అక్టోబరు 25వ తేదీన రాయల్ ఇంజనీర్ల దళమున చేరెను. అప్పటికి ఆతనికి 42 ఏండ్లు. రెండు వారముల శిక్షణ ముగియగానే ఫ్రాన్సునకు పంపబడెను. ఆ దళమునకు కవాతు నేర్చిన కాలికంటె పార పట్టిన చేయి ముఖ్యము. ఆతడు యుద్ధభూమిలో నుండగా, ఇంటివద్ద గనిలో పనిచేయు కుమారునికి ప్రమాదమై కాలు తీసివేయవలసి వచ్చెను. చదువెరుగని యా తండ్రి తోటి సిపాయిచేత ఇంటికి జాబులు వ్రాయించుకొనెను.

గనికూలీలతో సైన్యమునకు పని యేల కలిగెనో చెప్పవలసియున్నది. ఆ కథలో మన దేశస్థులకును భాగము కలదు. 1914 డిసెంబరు 20వ తేదీన ఫ్రాన్సునందలి జివాంషీ గ్రామ ప్రాంతమున భారత పటాలములు కందకములలో కావలి కాయుచుండెను. జర్మనులు రహస్యముగా సొరంగములు త్రవ్వి, మనవారి క్రింద పది మందుపాతరలు ప్రేల్చిరి. ఆ దెబ్బతో బ్రిటిషువారు మేల్కొని, 1915 ఫిబ్రవరిలో సొరంగ దళములను ఏర్పరచిరి. కంట్రాక్టరును పార్లమెంటు సభ్యుడును అగు జాన్ నార్టన్ గ్రిఫిత్స్ మాంచెస్టరు మురుగుకాలువలు త్రవ్వు కూలీలను మొదట తెచ్చెను. పిదప బొగ్గుగనులవారు చేరిరి. మన సిపాయిలు బలియైన యా జివాంషీయే హాకెట్‌నకును కడపటి నెలవయ్యెను.

అచ్చటి పని చిత్రమైనది. కూలీ కొయ్యదన్నుపై వెల్లకిల వాలి, రెండు పాదములతో పారను జిగటమట్టిలోనికి తన్ని, చప్పుడు కాకుండ గడ్డలను పెకలించును. ఒకడా మట్టిని సంచులకెత్తగా, మరియొకడు వెలుపలికి లాగును. శత్రువు కూడ ఎదుటినుండి త్రవ్వుచు, చెవియొగ్గి వినుచుండును గనుక దగ్గు వచ్చినను అణచుకొనవలసినదే. విషవాయువును కనిపెట్టుటకు చిన్న పక్షులను, ఎలుకలను లోనికి కొనిపోయెడివారు.

1916 జూన్ 22వ తేదీ తెల్లవారుజామున హాకెట్ మరి నలుగురితో కూడి జివాంషీ చెంత సొరంగము త్రవ్వుచుండెను. అంతలో జర్మనుల పెద్ద మందుపాతర ప్రేలెను. పైన నేల చీలి పెనుగొయ్యి ఏర్పడి, కావలియున్న సిపాయిలనేకులు మడిసిరి. క్రింద సొరంగము కూలి ఐదుగురును చిక్కుకొనిరి. ఇరువది గంటల పాటునకు, విరిగిన దూలముల నడుమ మనుష్యుడు దూరునంత సందు ఏర్పడెను. హాకెట్ ముగ్గురిని ఒక్కొక్కరిగా ఆ సందునుండి వెలుపలికి సాగనంపెను.

నాలుగవవాడు థామస్ కాలిన్స్, 22 ఏండ్ల వెల్ష్ పటాలపు యువకుడు. తీవ్రముగా గాయపడి కదలలేకుండెను. హాకెట్ సులభముగా బయటపడగలిగియుండియు రానొల్లడయ్యెను. తాను సొరంగపువాడననియు, ముందు తోడివారిని చూచుట తన విధి యనియు పలికెను. సందు అంతకంతకు మూసికొనుచున్నను ఆ బాలుని విడువలేదు. తుదకు సొరంగము పూర్తిగా కూలెను. నాలుగు దినములు ప్రాణములొడ్డి త్రవ్వినను వారిరువురు దొరకలేదు. నేటికిని ఆ మట్టిలోనే యున్నారు.

1916 ఆగస్టు 5వ తేదీన ఆతనికి విక్టోరియా క్రాసు ప్రకటింపబడెను. ఆ యుద్ధమున సొరంగ దళముల భూగర్భసేవకు లభించిన విక్టోరియా క్రాసు అదియొక్కటే. అదే సంవత్సరము నవంబరులో రాజగు ఐదవ జార్జి దానిని ఆలిస్ చేతికిచ్చెను. జివాంషీలో సొరంగ కార్మికుల స్మారకచిహ్నము 2010 జూన్ 19వ తేదీన, అనగా 94 ఏండ్లకు, ఆవిష్కృతమయ్యెను. ఆ సమీపమునందే నవ్ షపెల్ వద్ద 1927లో వెలసిన స్మారకముపై 4,700కు పైగా భారతవీరుల పేర్లు చెక్కబడియున్నవి.

ఆ చీకటిలో నిలువుమని ఆజ్ఞాపించిన అధికారి యెవ్వడును లేడు. ముందుకు నడచుట సిపాయి ధర్మము. వెనుకబడినవానిని విడువకుండుట గని ధర్మము. హాకెట్ తొడిగినది ఎనిమిది నెలల సిపాయి దుస్తు. ఆతనిని కట్టి నిలిపినది ఇరువదియేండ్ల గని యలవాటు. పేదవాని పనిలో కూడ ఇట్టి విద్య దాగియుండునని మనము గుర్తింపవలెను.

మరియొక విషయము. స్వయముగా ఒక్క యక్షరమును వ్రాయలేని యీ మనుష్యుని పేరు మనదాక ఎట్లు వచ్చినది? బ్రదికి బయటపడినవారు చెప్పిరి, విన్నవారు వ్రాసిరి. ఈ రెండును జరుగకున్న యా పేరు మట్టిలో కలసిపోయెడిది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు మన విశాఖపై బాంబులు వైచిన నాడు రేవున మూటలు మోయుచుండిన కూలీల పేర్లు మనలో ఎందరు చెప్పగలరు?

కావున కులస్థులకును, పోషకులగు దాతలకును మా మనవి యిది. ఇంటింట వృద్ధుల నడిగి, తాతముత్తాతలు ఏ గనిలో, ఏ రేవులో, ఏ పటాలమున పనిచేసిరో, ఎట్లు మరణించిరో వ్రాసి పంపుడు. సత్రములపై దాతల పేర్లు చెక్కించుచున్నాము, అది తగినదే. ఆ సత్రమునకు పునాది త్రవ్వినవాని పేరును మన సంచికలో నొక పుటను పొందవలెను. చెప్పగల పెద్దలు ఉన్నప్పుడే ఈ పని జరుగవలెను.