తీరాన్ని ముందు గీసింది నావికులే

సముద్రతీరాన్ని మొదట పెన్సిల్‌తో, ఆపైన సిరాతో గీసే పద్ధతి నావికుల అవసరంలోంచి వచ్చింది. మన తూర్పు తీరమే చూడండి. కృష్ణా, గోదావరి డెల్టాల దగ్గర నేలంతా చదును. ఓడ మీంచి ఇసుక గీత తప్ప పెద్దగా ఏమీ ఆనదు. విశాఖ దగ్గరికొచ్చేసరికి డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి పొడుచుకొచ్చి కనిపిస్తుంది. అది ఏ దిక్కు నుంచి ఎలా ఉంటుందో కాగితం మీద ఉంటే, వెనక వచ్చే ఓడకు దారి తెలుస్తుంది.

అందుకే ఆ బొమ్మలు అడ్డంగా, పొడవాటి పట్టీల్లా ఉండేవి. కొండ ఏ దిక్కున ఉందో, ఎంత దూరం నుంచి చూశారో పక్కనే రాసేవారు. ఊగే ఓడలో సిరాబుడ్డి నిలవదు. బొగ్గు గీత చెయ్యి తగిలితే చెరిగిపోతుంది. డెక్ మీద పెన్సిల్‌తో ఆకారం పట్టుకుని, తర్వాత బల్ల దగ్గర కూర్చుని సిరాతో ఖాయం చేసేవారు. పెన్సిల్ గీతలు తుడవడానికి రొట్టెముక్కే గతి; రబ్బరు ముక్కలు లండన్‌లో అమ్మకానికొచ్చింది 1770 ప్రాంతంలో.

1772లో కెప్టెన్ కుక్ రెండో యాత్రకు బ్రిటిష్ నౌకాదళం విలియం హాడ్జెస్ అనే ప్రకృతి చిత్రకారుణ్ణి పంపింది. నావికుడి కొలత, చిత్రకారుడి కన్ను అందంగా కలిసింది ఆయన చేతిలోనే అంటాను. ఆయన 1780లో మద్రాసులో దిగి, మరుసటి ఏడు ఓడలో మన తీరం మీదుగా కలకత్తా వెళ్లాడు.

మద్రాసులో ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా మొదలైన అలెగ్జాండర్ డాల్రింపుల్ 1795లో బ్రిటిష్ నౌకాదళానికి తొలి హైడ్రోగ్రాఫర్, అంటే సముద్ర పటాల అధికారి, అయ్యాడు. పెన్సిల్ కథ మలుపు తిరిగిందీ ఆ ఏడే. యుద్ధం వల్ల ఫ్రాన్సుకు ఇంగ్లండు గ్రాఫైట్ ఆగిపోయింది. దాంతో అక్కడ నికొలా జాక్ కోంటే గ్రాఫైట్ పొడిలో బంకమన్ను కలిపి, కడ్డీలు చేసి కాల్చాడు. మన్ను ఎక్కువైతే ములుకు గట్టిపడి గీత లేతగా పడుతుంది. తగ్గితే మెత్తగా, నల్లగా వస్తుంది. దూరపు కొండకు ఒకటి, దగ్గరి రాతికి మరొకటి ఎంచుకునే వీలు అలా దొరికింది. గ్రాఫైట్ మన తూర్పు కనుమల ఖొండలైట్ రాళ్లలోనూ ఉంది. డాల్ఫిన్స్ నోస్‌ది కూడా ఆ జాతి రాయే.

హైదరాబాదులో హైదర్‌గూడ, నారాయణగూడల్లో బొమ్మలు వేసే పిల్లలకు ఒక మాట. విశాఖ వెళ్తే ఓ హెచ్‌బీ పెన్సిల్, నీటికి చెదరని నల్లసిరా పెన్ను పట్టుకెళ్లండి. బొమ్మ కింద తేదీ, నిలబడ్డ చోటు, చూసిన దిక్కు తప్పకుండా రాయండి.