వాస్కో డ గామా క్లబ్ 1924 నాటి లేఖ: రియో ఫుట్‌బాల్‌లో వర్ణం, వృత్తి, అక్షరాస్యత

ఉపోద్ఘాతం

1924 ఏప్రిల్ 7న, అప్పటి బ్రెజిల్ రాజధాని రియో డి జనీరోలో, వాస్కో డ గామా క్లబ్ అధ్యక్షుడు జోజె అగుస్తో ప్రెస్తెస్ ఒక లేఖపై సంతకం చేశాడు. నగరంలోని పెద్ద క్లబ్బులు కొత్తగా ఏర్పరచుకున్న సంఘానికి అధ్యక్షుడైన అర్నాల్డో గిన్లెను ఉద్దేశించి రాసిన లేఖ అది. జట్టులోని పన్నెండుమంది ఆటగాళ్లను తొలగించాలన్న షరతు తమకు సమ్మతం కాదనీ, అందువల్ల ఆ సంఘంలో చేరడం లేదనీ దాని సారాంశం. క్లబ్ చరిత్రలో ఇది ‘చారిత్రక ప్రత్యుత్తరం’గా స్థిరపడింది. బ్రెజిల్ క్రీడారంగంలో జాతివివక్షను ధిక్కరించిన ఘట్టంగా దీనిని నేటికీ స్మరిస్తారు. అయితే ఆ లేఖలో జాతి, వర్ణం అన్న ప్రస్తావన ఎక్కడా లేదు. ఈ మౌనాన్ని ఏ విధంగా అర్థం చేసుకోవాలన్నదే ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

పడవ పందేల నుంచి ఫుట్‌బాల్ వరకు

వాస్కో డ గామా క్లబ్ 1898 ఆగస్టు 21న పడవ పందేల సంఘంగా పుట్టింది. స్థాపకులలో అత్యధికులు పోర్చుగల్ నుంచి వలస వచ్చినవారు. 1498లో కాలికట్ తీరం చేరిన నావికుని యాత్రకు నాలుగు వందల ఏళ్లు నిండిన సందర్భంలో వారు ఆ పేరును ఎంచుకున్నారు. భారతీయ పాఠకునికి వలసపాలనను గుర్తుచేసే ఈ పేరు, రియోలో మాత్రం వలస వచ్చిన వర్తకుల, గుమాస్తాల ఆత్మగౌరవ చిహ్నమైంది. ఆనాటి రియోలో పోర్చుగీసు దుకాణదారులపై స్థానికులకు సద్భావం ఉండేది కాదు. ధరల పెరుగుదలకు, ఇళ్ల అద్దెలకు వారినే బాధ్యులుగా చూపే ధోరణి పత్రికలలోను, వీధులలోను బలంగా ఉండేది. 1904లో ఈ క్లబ్ మిశ్రమ సంతతికి చెందిన కాండిడో జోజె దె అరావుజోను అధ్యక్షునిగా ఎన్నుకుంది. బానిసత్వం రద్దయి (1888) అప్పటికి పదహారేళ్లే గడిచాయన్నది గమనార్హం.

ఫుట్‌బాల్ మాత్రం వేరే దారిలో ప్రవేశించింది. ఇంగ్లండులో, ఐరోపాలో చదువుకొని వచ్చిన సంపన్న యువకులు దానిని తమ వినోదంగా స్వీకరించారు. 1902లో స్థాపితమైన ఫ్లుమినెన్సే ఈ వర్గానికి ప్రతినిధి. నగర శివారులోని బాంగు క్లబ్ ఒక బట్టల మిల్లు ఆవరణలో పుట్టి, 1905 నాటికే నల్లజాతి కార్మికుడైన ఫ్రాన్సిస్కో కరెగాల్‌ను ఆడించింది. కాబట్టి నల్లవారికి తొలిసారి అవకాశమిచ్చిన క్లబ్ వాస్కో అన్న ప్రచారం చారిత్రకంగా నిలవదు. వాస్కో ఫుట్‌బాల్ విభాగాన్ని ప్రారంభించినదే 1915లో. అట్టడుగు శ్రేణి నుంచి ఆరంభించి, 1922లో రెండవ శ్రేణిలో గెలిచి, 1923లో మొదటి శ్రేణిలోకి ప్రవేశించింది.

1923 విజయం, దాని వెనుక ఉన్న పద్ధతి

మొదటి శ్రేణిలో ఆడిన తొలి ఏడాదే వాస్కో నగర విజేతగా నిలిచింది. ఆ పోటీ మొత్తంలో ఫ్లమెంగో చేతిలో 3-2 తేడాతో ఒక్కసారే ఓడింది. జట్టులో నల్లవారు, మిశ్రమ సంతతివారు, పేద శ్వేతజాతీయులు కలిసి ఆడారు. గోల్‌కీపర్ నెల్సన్ ద కన్సెయ్‌సావ్ వృత్తిరీత్యా డ్రైవరు, నల్లజాతీయుడు. అదే ఏడాది అతడు దక్షిణ అమెరికా పోటీలలో బ్రెజిల్ జాతీయ జట్టుకు ఆడాడు. జాతీయ జట్టుకు తగిన ఆటగాడు నగర సంఘానికి ఎందుకు తగకుండా పోయాడన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

వాస్కో విజయానికి ప్రతిభ ఒక్కటే కారణం కాదు. ఉరుగ్వే దేశస్థుడైన శిక్షకుడు రమోన్ ప్లతేరో ఆటగాళ్లకు క్రమబద్ధమైన శారీరక శిక్షణ ఇచ్చాడు. నాటి నిబంధనల ప్రకారం ఫుట్‌బాల్ ఔత్సాహిక క్రీడ. ఆటకు వేతనం తీసుకోవడం నిషిద్ధం. వాస్కో అభిమానులైన పోర్చుగీసు వర్తకులు ఆటగాళ్లను తమ దుకాణాలలో ఉద్యోగులుగా నమోదు చేసి, వారు సాధనకే సమయం వెచ్చించే ఏర్పాటు చేశారు. గెలిచిన ఆటకు నగదు బహుమానం ముట్టేది. ‘బిషో’ (జంతువు) అని పిలిచిన ఈ బహుమానానికి ఆ పేరు, జంతువుల బొమ్మలపై పందెం కాసే జనాదరణ గల లాటరీ నుంచి వచ్చింది. పేరుకు ఔత్సాహికం, ఆచరణలో వృత్తి అయిన ఈ పద్ధతి ఇతర క్లబ్బులకూ తెలియనిది కాదు. వాస్కో దానిని పేదవారికి వర్తింపజేసి గెలవడమే అసలు వివాదానికి మూలం.

కొత్త సంఘం, పాత కొలమానాలు

1924 మార్చిలో ఫ్లుమినెన్సే, ఫ్లమెంగో, బోటాఫోగో, అమెరికా, బాంగు క్లబ్బులు పాత లీగును వీడి, ‘అమెయా’ అన్న పొట్టిపేరుతో ప్రసిద్ధమైన కొత్త సంఘాన్ని స్థాపించాయి. స్థాపక క్లబ్బులకు ఓటింగులోను, శ్రేణుల నిర్ణయంలోను ప్రత్యేక హక్కులు ఉంచుకున్నాయి. ఆటగాళ్ల వృత్తి, జీవనాధారం, చదవడం రాయడం వచ్చునా అన్న అంశాలపై విచారణకు పూనుకున్నాయి. ఆ విచారణ ఫలితమే పన్నెండుమందిని తొలగించాలన్న షరతు.

ఈ కొలమానాలలో వర్ణం పేరు లేదు. కాని నాటి బ్రెజిల్‌లో అక్షరాస్యత తటస్థమైన అర్హత కాదు. 1920 జనగణన నాటికి దేశ జనాభాలో సగానికి మించి నిరక్షరాస్యులే. 1891 రాజ్యాంగం నిరక్షరాస్యులకు ఓటుహక్కు నిరాకరించింది. ఆ నిబంధనలోనూ వర్ణ ప్రస్తావన లేదు. అయినప్పటికీ బానిసత్వం నుంచి విముక్తులైనవారిని, వారి సంతానాన్ని పౌరజీవితానికి దూరంగా ఉంచడంలో అది ప్రధాన పాత్ర వహించింది. మైదానంలో సంతకం పరీక్ష, పోలింగు కేంద్రంలో అక్షర పరీక్ష ఒకే తర్కానికి రెండు రూపాలు.

ప్రెస్తెస్ లేఖ ఈ తర్కాన్ని దాని పరిభాషలోనే ఎదుర్కొంది. స్థాపక క్లబ్బుల ప్రత్యేక హక్కులు వాస్కోను తక్కువ స్థాయిలో నిలుపుతున్నాయని ఆక్షేపించింది. తమ ఆటగాళ్ల సామాజిక స్థితిపై జరిగిన విచారణలో వారికి ప్రాతినిధ్యం గాని, సమర్థించుకొనే అవకాశం గాని లేవని ఎత్తిచూపింది. వారు జీవితారంభంలో ఉన్న యువకులనీ, దాదాపు అందరూ బ్రెజిలియన్లేననీ, వారికి మచ్చ తెచ్చే బహిరంగ చర్యకు తాము పాల్పడబోమనీ స్పష్టం చేసింది. పరదేశీయులుగా ముద్రపడిన వలసవర్తకుల క్లబ్, తన ఆటగాళ్ల బ్రెజిలియన్ అస్తిత్వాన్ని ప్రాతిపదికగా తీసుకోవడం ఈ లేఖలోని సూక్ష్మమైన అంశం.

చరిత్ర రచనలో వివాదం

ఈ ఘట్టానికి నేటి రూపమిచ్చినవాడు పత్రికారచయిత మారియో ఫిల్హో. గిల్బెర్టో ఫ్రెయిరే ముందుమాటతో 1947లో వెలువడిన ‘బ్రెజిల్ ఫుట్‌బాల్‌లో నల్లవారు’ అనే గ్రంథంలో అతడు 1923 విజయాన్ని నల్లవారి ప్రవేశఘట్టంగా చిత్రించాడు. 1990లలో ఆంటోనియో జార్జ్ సోరెస్ ఈ కథనాన్ని తీవ్రంగా ప్రశ్నించాడు. మారియో ఫిల్హో గ్రంథం చరిత్ర కన్నా జాతీయ పురాణానికి దగ్గరదనీ, 1924 నాటి అసలు ఘర్షణ ఔత్సాహికతకు, వృత్తికి మధ్య జరిగినదనీ వాదించాడు. రొనాల్డో హెలాల్, సీజర్ గోర్డాన్ దీనికి ప్రతివాదం చేస్తూ, జాతివివక్షను ఆ విధంగా పక్కకు నెట్టడం సాధ్యం కాదన్నారు.

సోరెస్ వాదంలో బలముంది. నల్ల కార్మికులను ఆడించిన బాంగు స్థాపక క్లబ్బులలో ఒకటి కావడం దానికి అనుకూలమైన సాక్ష్యం. అయితే బాంగు ఆటగాళ్లు మిల్లు యాజమాన్యం అదుపులో ఉన్నవారు. వారు పెద్ద క్లబ్బుల ఆధిక్యాన్ని కూల్చిన సందర్భం లేదు. అదుపులో ఉన్నంతవరకు సహించి, గెలిచిన వెంటనే అర్హత పరీక్ష పెట్టడమే ఇక్కడ కనిపించే క్రమం. కనుక ‘వర్ణమా, వర్గమా’ అన్న విభజన వద్దనే చర్చ ఆగిపోతుంది. ఔత్సాహికత నియమం వర్ణం పేరెత్తకుండానే వర్ణం చేయవలసిన పని చేసింది. ఆ కారణంగా లేఖలోని మౌనం వివక్ష లేదనడానికి రుజువు కాదు. వివక్ష ఏ భాషలో సాగిందో చెప్పే ఆధారం.

తదనంతర పరిణామాలు

వాస్కో 1924లో పాత లీగులోనే ఆడి విజేతగా నిలిచింది. 1925లో అమెయాలో ప్రవేశం పొందింది. తగిన మైదానం లేదన్న ఆక్షేపణకు సమాధానంగా సభ్యుల చందాలతో సావో జనువారియో స్టేడియం నిర్మించి, 1927 ఏప్రిల్ 21న ప్రారంభించింది. అప్పటికి దేశంలో అదే అతిపెద్ద స్టేడియం. 1941 మే 1న అధ్యక్షుడు జెతులియో వర్గస్ కార్మిక న్యాయస్థానాల వ్యవస్థ ప్రారంభాన్ని ప్రకటించినది ఈ స్టేడియంలోనే. కార్మికులను ఆడించినందుకు గేటు బయట నిలిచిన క్లబ్, పదిహేడేళ్లకు రాజ్యం కార్మికులను సంబోధించే వేదికైంది.

1933లో రియోలో వృత్తి ఫుట్‌బాల్‌కు ఆమోదం లభించింది. ఆ లీగు స్థాపకులలో వాస్కో పక్కన ఫ్లుమినెన్సే కూడా ఉంది. తొమ్మిదేళ్ల క్రితం అనర్హతగా పరిగణించినది ఇప్పుడు ఒప్పందపత్రంగా మారింది. 1934లో డొమింగోస్ ద గియా, లియోనిదాస్ వంటి నల్లజాతి క్రీడాకారులతో వాస్కో మళ్లీ నగర విజేత అయింది.

ముగింపు

వాస్కో క్లబ్‌ను నిస్వార్థ ఉద్యమసంస్థగా చిత్రించడానికి ఆధారాలు లేవు. గెలవాలన్న వర్తకుల పట్టుదల, తమపై ఉన్న చిన్నచూపుకు బదులు చెప్పాలన్న తపన, ఆటగాళ్ల పట్ల బాధ్యత ఆ నిర్ణయంలో కలిసే ఉన్నాయి. అంతమాత్రాన ఆ నిర్ణయం విలువ తగ్గదు. పన్నెండుమందిని వదులుకుంటే మొదటి వరుసలో చోటు దక్కే సమయంలో క్లబ్ ఆ చోటునే వదులుకుంది. ఆ పన్నెండుమంది తమ స్వరంతో చెప్పిన మాట ఆ లేఖలో లేదు. వారి తరఫున అధ్యక్షుడు మాట్లాడాడు, వారిని విచారించిన సంఘం మాట్లాడింది, తరువాత చరిత్రకారులు మాట్లాడారు. సంతకం చేయగలరా లేదా అన్న ప్రశ్నతో కొలిచిన మనుషుల చరిత్రను సంతకమున్న పత్రాల నుంచే రాయవలసి రావడం ఈ అంశంపై సాగే ప్రతి పరిశోధన ముందూ నిలిచే పరిమితి.