కదిలే కాపురం

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒక్కటే అనేవారు మన పెద్దలు. అది ఊరికే అన్న మాట కాదు. మద్రాసులో మొదటి రైలు కూసింది 1856లో. అంతకు ఇరవయ్యారేళ్ల ముందు, 1830 మే 18న, మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్యగారు సుమారు వందమందిని వెంటబెట్టుకుని కాశీకి బయల్దేరారు. మళ్లీ ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. పదిహేను నెలల పైమాటే! దారిలోంచి స్నేహితులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెగారికి రాసి పంపిన సంగతులే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి.

పండితులు అందులో భూగోళం చూస్తారు, దొరల పాలన చూస్తారు. నాకు మాత్రం అది అచ్చంగా సంసారం పుస్తకం. దిగిన ప్రతి ఊళ్లోనూ ఆయన కళ్లు మన కళ్లలాగే తిరుగుతాయి. అంగళ్లున్నాయా? బియ్యం, పప్పు దొరుకుతాయా? నీళ్లు మంచివేనా? డేరా వేసుకోవడానికి చెట్ల నీడ ఉందా? రేపటి దారి రాళ్లా, ఇసకా, వాగులా? వందమందికి పూట గడవాలంటే ముందు తెలియాల్సింది ఇవే కదండీ!

అందులోనూ అది పరదేశ ప్రయాణమే. కుంపిణీ సీమ దాటితే నిజాం రాజ్యం, అది దాటితే నాగపూరు భోంసలేల రాజ్యం. ఒకచోట చెల్లిన రూపాయి ఇంకోచోట వట్టం కడితేగాని మారేది కాదు. ఇవాళ మనం రోడ్డుకు వాడే 'రహదారి' అన్న మాటకు అప్పట్లో దారి సుంకమని, పోనిచ్చే చీటీ అని అర్థం! హైదరాబాదునుంచి నాగపూరు వెళ్లే పాత బాట మా గుమ్మడిదలకు తూర్పున ఉన్న మేడ్చల్ మీదుగానే పోయేది.

నీళ్ల సంగతి దగ్గర కాస్త ఆగాలి. 1817లో బెంగాల్లో రేగిన కలరా దేశమంతా పాకింది. అది నీళ్లవల్ల వస్తుందని లండన్‌లో జాన్ స్నో అనే డాక్టరు గట్టిగా చూపించింది 1854లో. అంటే ఈయన ప్రయాణం నాటికి ఆ కారణం ఎవరికీ తెలియదు. అయినా ఊరూరా నీళ్లు ఎలాంటివో చూసి రాసుకున్నారు. తాగే నీళ్లలోనే చావుబతుకులున్నాయని శాస్త్రం చెప్పకముందే బాటసారులు కనిపెట్టారు కాబోలు.

ఇప్పుడు అమెరికాలో ఉన్న పిల్లలు మోటారుహోమ్ అద్దెకు తీసుకుని, "అమ్మా, నెల్లాళ్లు తిరిగొద్దాం రా" అంటున్నారు. పొయ్యి, పడక, స్నానాలగది అన్నీ ఉన్న బండి అది. వెళ్లేవాళ్లకు అక్కడా మొదటి పాఠం నీళ్లే. మంచినీళ్ల తొట్టి వేరు, వాడిన నీళ్ల తొట్టి వేరు, పాయిఖానా తొట్టి వేరు. మురుగు ఎక్కడపడితే అక్కడ వదలకూడదు, అందుకని ప్రత్యేకంగా కట్టిన చోటే వదలాలి. మంచినీళ్ల గొట్టం, మురుగు గొట్టం పొరపాటున కూడా కలపకండి. బండి కదిలేముందు గ్యాసు కట్టెయ్యాలి. పోపు వేసేముందు కిటికీ తీసి ఫ్యాను వేసుకోండి, లేకపోతే ఎండుమిర్చి ఘాటుకు పొగగంట గోల పెడుతుంది! చీకటి పడకముందే దిగే చోటు చూసుకోవాలన్నది వీరాస్వామయ్యగారి కాలంనాటి నియమమే.

అంతదూరం ఎందుకు, మా నర్సాపూర్ రోడ్డు పక్కన ఫ్యాక్టరీల ముందు చూడండి. ఎక్కడెక్కడి రాష్ట్రాలనుంచో వచ్చిన లారీలు లోడు కోసం రోజుల తరబడి ఆగుతాయి. డ్రైవరు, క్లీనరు అక్కడే వండుకుని, అక్కడే పడుకుంటారు. తాగే నీళ్ల డబ్బా లోపల సీటు పక్కన ఉంటుంది, గిన్నెలు కడిగే నీళ్లది బయట వేలాడుతుంటుంది. ఒకదాని మూత రెండోదానికి పెట్టనివ్వరు.